ఏసీబీ కేసు పదేళ్లు దాటితే హైకోర్టు కొట్టేస్తుందా?

ప్రశ్న (హన్మకొండ నుంచి, కుదించి): "మా నాన్న పంచాయతీరాజ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేశారు. 2015లో ఒక కాంట్రాక్టర్ బిల్లు విషయంలో పది వేలు తీసుకున్నారని ఏసీబీ ట్రాప్ చేసింది. 2018 మొదట్లో ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి వచ్చింది, ఆ ఏడాది చివర్లో చార్జిషీటు వేశారు. 2022లో చార్జెస్ ఫ్రేమ్ అయ్యాయి (కోర్టు అభియోగాలు నమోదు చేసింది). పదకొండు మంది సాక్షుల్లో ఇప్పటికి ఇద్దరే అయ్యారు. నాన్న 2019లో రిటైరయ్యారు, గ్రాట్యుటీ ఆపేశారు. సత్వర న్యాయం హక్కు ఉందంటున్నారు కదా, హైకోర్టుకు పోతే కేసు కొట్టేస్తారా? ఫిర్యాదుదారు వాయిదాలకు రావట్లేదు, అంటే కేసు పోయినట్టేనా? గ్రాట్యుటీ ఎప్పుడొస్తుంది?"

జవాబు:

ఆలస్యం వల్ల కేసు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ మీరు చెప్పిన తేదీలు చూస్తే ఆ ఆశతో హైకోర్టుకు వెళ్లి ఇంకో రెండు మూడేళ్లు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. హైకోర్టుకు వెళ్లండి, కానీ కొట్టివేత కోసం కాదు. విచారణ ఫలానా గడువులోగా ముగించాలనే ఆదేశం కోసం వెళ్లండి. వరంగల్ ఏసీబీ స్పెషల్ కోర్టులో చాలా ఏళ్లు ముద్దాయిల తరఫున, కొంతకాలం ప్రాసిక్యూషన్ పక్కన కూడా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఎందుకో వివరిస్తాను.

సత్వర విచారణ హక్కు అనే మాట రాజ్యాంగంలో ఎక్కడా కనిపించదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 21వ అధికరణంలో (జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ) భాగమని చెప్పింది. అది బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గుతున్న విచారణ ఖైదీల కేసు. అవినీతి కేసులకు అసలు పట్టాలు వేసింది మాత్రం 1992 నాటి ఏ.ఆర్. అంతులే తీర్పు. ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ఇందులో చెప్పింది మూడు ముక్కల్లో ఇది: ఈ హక్కు దర్యాప్తు మొదలైన దగ్గర్నుంచి అప్పీలు దాకా ఉంటుంది. ఇన్నేళ్లు దాటితే కేసు పోయిందని గీత గీయడం కుదరదు. ఆలస్యం ఎంత అనేదే కాక ఎవరి వల్ల, ఎందుకు, దాని వల్ల ముద్దాయికి జరిగిన నష్టం ఏమిటి అనేవి కలిపి చూడాలి.

మధ్యలో సుప్రీంకోర్టే కొన్ని తీర్పుల్లో గడువులు పెట్టింది. ఇన్నేళ్లలో ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగియకపోతే మూసేయండి అన్నట్టుగా. 2002లో పి. రామచంద్రరావు కేసులో ఏడుగురు జడ్జిల ధర్మాసనం వాటిని తీసేసింది. గడువులు పెట్టడం చట్టసభ పని, మా పని కాదు అంది. అదీ ఒక ఉద్యోగి మీద ఆదాయానికి మించిన ఆస్తుల కేసే. కాబట్టి "పదేళ్లు దాటింది సార్" అన్న ఒక్క మాటతో ఏ హైకోర్టూ కదలదు.

మరి కొట్టేసినవి ఎలాంటివి? వకీల్ ప్రసాద్ సింగ్ కేసు చూడండి. బీహార్ హౌసింగ్ బోర్డులో అసిస్టెంట్ ఇంజినీరు, వెయ్యి రూపాయల లంచం ఆరోపణ, 1981 నాటి కేసు. అధికారం లేని అధికారి దర్యాప్తు చేశాడని 1990లో హైకోర్టు తప్పుపట్టి, సరైన అధికారితో మూడు నెలల్లో మళ్లీ చేయించమంది. ఆ తర్వాత 2007 దాకా ఫైలు అంగుళం కదల్లేదు. 2009లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మోతీలాల్ సరాఫ్ కేసులో ఇరవై ఆరేళ్లలో ఒక్క ప్రాసిక్యూషన్ సాక్షిని కూడా విచారించలేదు, 2006లో కొట్టేశారు. మహేంద్ర లాల్ దాస్ కేసులో పదమూడేళ్లయినా ప్రభుత్వం ప్రాసిక్యూషన్‌కు అనుమతే ఇవ్వలేదు. మన ఉమ్మడి రాష్ట్రానిది కావాలంటే 1990 నాటి పవిత్రన్ కేసు ఉంది. ఒక ఐపీఎస్ అధికారి మీద ఏసీబీ దర్యాప్తు సాగదీసినందుకు హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేస్తే సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, అలాగని ఇది అన్నిటికీ సూత్రం కాదని కూడా అంది.

ఈ కేసులన్నిటిలో ఏళ్ల తరబడి ఎవరూ ఏమీ చేయని ఖాళీ ఉంది. మీ నాన్నగారి కేసు మెల్లగా అయినా కదులుతూనే ఉంది. పైగా చార్జెస్ అయ్యాయి, ఇద్దరు సాక్షులు వచ్చారు. ఈ స్థితిలో కేసును కొట్టేయడం కన్నా ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ముగించమని కింది కోర్టుకు చెప్పడానికే హైకోర్టు మొగ్గుతుంది.

ఇక ఆ ఆలస్యం ఎక్కడ పుడుతుందో చెప్పాలి, ఎందుకంటే మీ పిటిషన్ బలం అంతా అక్కడే ఉంది. బయటివాళ్లు కోర్టును తిడతారు, ఏసీబీని తిడతారు. నేను చూసిన చాలా ఫైళ్లలో కేసు కోర్టు గడప తొక్కకముందే రెండు మూడేళ్లు కరిగిపోయాయి. ట్రాప్ అయిపోతుంది. పౌడర్ పూసిన నోట్లు, వాటిని పట్టుకున్న చేతులు ముంచితే గులాబి రంగుకు మారే సోడియం కార్బొనేట్ నీళ్లు, మధ్యవర్తుల (ట్రాప్‌ను చూసే స్వతంత్ర సాక్షుల) నివేదిక అన్నీ ఒక్క రోజులో పూర్తి. ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు వస్తుంది, ఫిర్యాదుదారు వాంగ్మూలం మేజిస్ట్రేట్ రికార్డు చేస్తారు. ఐవో (దర్యాప్తు అధికారి) తుది నివేదిక హైదరాబాద్‌లో డైరెక్టర్ జనరల్ ఆఫీసుకు పోతుంది, అక్కడి నుంచి ప్రభుత్వానికి. విజిలెన్స్ కమిషన్ సలహా, శాఖలో నోట్ ఫైలు, పైకి కిందికి రెండు మూడు తిరుగుళ్లు. మధ్యలో ఎవరైనా ఒక ప్రశ్న రాస్తే మళ్లీ ఏసీబీకి. ఈ ప్రయాణంలో ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరూ అడ్డుపడరు, ఫైలు మాత్రం కదలదు.

అనుమతి మూడు నెలల్లో తేల్చాలని 1997లో వినీత్ నారాయణ్ కేసులో చెప్పారు, అటార్నీ జనరల్ సలహా కావాలంటే ఇంకో నెల. 2012లో సుబ్రహ్మణ్యస్వామి కేసులో మళ్లీ గుర్తుచేశారు. 2018 జులై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్‌లోకే ఎక్కింది: మూడు నెలలు, న్యాయ సలహా అవసరమైతే కారణం రాసి ఇంకో నెల. బాగుంది. మరి గడువు దాటితే? 2022 అక్టోబరులో విజయ్ రాజమోహన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. గడువు తప్పనిసరే, దాటితే ఆలస్యం చేసిన అధికారి జవాబుదారీ, కానీ ఆ కారణంతో కేసు మాత్రం పోదు. అక్కడ అనుమతికి దాదాపు రెండేళ్లు పట్టింది, అయినా ముద్దాయికి ఊరట దొరకలేదు. ఈ తీర్పు మీద నాకు అసంతృప్తి ఉంది. తప్పు చేసినవాడికి శిక్ష ఉంటుందన్న భరోసా కాగితం మీదే ఉంది. ఫైలు మీద ఏడాది కూర్చున్నందుకు ఒక అధికారికి మెమో ఇచ్చినట్టు నేను వినలేదు.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటి. సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ 218వ సెక్షన్‌లో 120 రోజుల్లో అనుమతి తేల్చకపోతే ఇచ్చినట్టే అన్న నిబంధన ఉంది. వాట్సాప్‌లో దాన్ని ఏసీబీ కేసులకు కూడా తిప్పుతున్నారు. అది పాత సీఆర్‌పీసీ 197 కింద వచ్చే అనుమతికి. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ అనుమతిలో అలాంటి మాట లేదు.

మీరు చేయాల్సిన పని: చార్జిషీటుతో ఇచ్చిన అనుమతి ఉత్తర్వు తీయండి. పైన రిఫరెన్స్ అని వరుసగా లేఖల నంబర్లు, తేదీలు ఉంటాయి. ఏసీబీ డీజీ లేఖ ఏ తేదీన పోయింది, ఉత్తర్వు ఏ తేదీన వచ్చింది, మధ్యలో ఎన్ని ఉత్తరాలు నడిచాయి అన్నది ఆ నాలుగు లైన్లలోనే దొరుకుతుంది. సంతకం చేసిన అధికారికి మీ నాన్నగారిని ఉద్యోగం నుంచి తొలగించే అధికారం ఉందా లేదా అనేది కూడా అప్పుడే చూసుకోండి. అనుమతి చెల్లకపోతే ఏమవుతుందో 2015లో నంజప్ప కేసులో చెప్పారు. ముద్దాయి బయటపడతాడు కానీ నిర్దోషి కాడు, సరైన అనుమతి తెచ్చి మళ్లీ కేసు పెట్టొచ్చు. అంటే మళ్లీ మొదటికి. ఆ వాదన గెలిచి కూడా ఓడిపోయినవాళ్లను చూశాను.

రెండో రకం ఆలస్యం మన జిల్లాలకు ప్రత్యేకం. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆఫీసులు పెట్టినప్పుడు మనుషులతో పాటు బీరువాలూ పంచుకున్నారు. ఇంజినీరింగ్ శాఖ ట్రాప్ కేసులో కొలతల పుస్తకం, అంటే ఎంబీ, ముఖ్యమైన ఎగ్జిబిట్ (సాక్ష్యంగా చూపే పత్రం). అది ఏ డివిజన్ ఆఫీసులో ఉందో తేల్చడానికే వాయిదాలు పడతాయి. మధ్యవర్తులుగా వేరే శాఖ ఉద్యోగుల్ని పెడతారు కదా, వాళ్లూ రిటైరై హైదరాబాద్‌లోనో అమెరికాలో పిల్లల దగ్గరో ఉంటారు. ట్రాప్ చేసిన డీఎస్పీ బదిలీ అవుతారు. అంతా కలిసొచ్చిన రోజున జడ్జి గారు సెలవులో ఉంటారు, లేదా పోస్టు ఖాళీగా ఉండి ఇన్‌చార్జి నడుస్తుంది. 2021 డిసెంబరులో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించిన కోర్టు భవనం చక్కగా ఉంది, కూర్చోవడానికి చోటు దొరికింది. వాయిదాలు దగ్గర పడటం వేరే విషయం.

సాక్ష్యం చెప్పే రోజుకు కోర్టులో చూపించే సీసాలో గులాబి రంగు వెలిసిపోయి మామూలు నీళ్లలా ఉంటుంది. దాన్ని చూసి కొత్త వకీళ్లు ఎగిరి గంతేస్తారు. వద్దు. పరీక్ష రిపోర్టు ఉంది కనుక రంగు పోయినంత మాత్రాన కోర్టు పట్టించుకోదు. నిజమైన నష్టం మనుషుల జ్ఞాపకంలో జరుగుతుంది, అది ఇద్దరికీ సమానమే. ఆ రోజు ఆఫీసులో ఎవరెవరు ఉన్నారు, బిల్లు అప్పటికే పాసైందా లేదా అని మీ తరఫున చెప్పగల తోటి ఉద్యోగి చనిపోయాడా, మతిమరుపుతో ఉన్నాడా? ఉంటే అది పేరుతో సహా, మరణ ధ్రువీకరణ పత్రంతో సహా రాయండి. నష్టం అంటే కోర్టుకు ఇలాంటిది కావాలి. టెన్షన్ పడ్డాం, పరువు పోయింది అనేవి కూడా అంతులే తీర్పు లెక్కలోకి తీసుకుంటుంది కానీ వాటితోనే పని జరగదు.

మూడో రకం చెబితే కోపం రావొచ్చు. మన ఆలస్యం. డిశ్చార్జ్ పిటిషన్ (విచారణ లేకుండానే వదిలేయమని), దాని మీద రివిజన్ (పై కోర్టును మళ్లీ చూడమని), హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టేయమని), మధ్యంతర స్టే. స్టే వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు, ఆ స్టే నాలుగేళ్లు నడుస్తుంది. తర్వాత ఆ నాలుగేళ్లను కూడా కలిపి పదేళ్లయిందని పిటిషన్ వేస్తే ప్రభుత్వ వకీలు లేచి ఆ ఆర్డరే చదువుతారు. ఇలాంటి స్టేలు ఆరు నెలల్లో వాటంతట అవే రద్దవుతాయని 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అదీ అవినీతి కేసులో వచ్చిందే. 2024 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జిలు దాన్ని తోసిపుచ్చారు. మీ కేసులో 2018 చివరి చార్జిషీటుకు, 2022లో చార్జెస్‌కు మధ్య మూడు నాలుగేళ్లు ఉన్నాయి. కరోనా కొంత తీసేసినా మిగతా కాలం ఎవరి ఖాతాలోది? ముందు అది చూడండి.

ఎలా చూడాలంటే, సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వాయిదాల చరిత్ర మొత్తం వస్తుంది. దానితో పాటు డాకెట్ ఆర్డర్ల (ప్రతి వాయిదాకు జడ్జి రాసే ఉత్తర్వుల) సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఒక తెల్లకాగితం మీద తేదీ, వాయిదా ఎందుకు పడింది, ఎవరడిగారు అని రాయండి: పీపీ (ప్రభుత్వ వకీలు) అడిగింది, సాక్షి రానిది, ముద్దాయి వకీలు అడిగింది, జడ్జి లేనిది, స్టే ఉన్నది. కోర్టు పని భారం వల్ల పడిన వాయిదాల్ని ప్రాసిక్యూషన్ తప్పుగా లెక్కించరు, వాటిని నిజాయితీగా విడిగా పెట్టండి. ఈ ఒక్క పట్టిక ఉంటే హైకోర్టులో మీ వకీలు పది నిమిషాల్లో పని ముగిస్తారు. లేకపోతే 1979 నుంచి తీర్పులు చదువుతూ కూర్చుంటారు.

హైకోర్టుకు ముందు కింది కోర్టులో ఒక మెమో వేయించండి: మేము సిద్ధంగా ఉన్నాం, త్వరగా విచారణ కావాలి అని. ముద్దాయి అడగలేదు కాబట్టి హక్కు లేదని కోర్టులు అనవు, కానీ అడిగిన కాగితం రికార్డులో ఉంటే బరువు వేరు. మీ కేసు 2024 జులై 1కి ముందే విచారణలో ఉంది కనుక పాత సీఆర్‌పీసీయే నడుస్తుంది. 309వ సెక్షన్ ప్రకారం సాక్ష్యం మొదలయ్యాక రోజువారీగా సాగాలి. అవినీతి నిరోధక చట్టం 4(4) కూడా అదే చెబుతుంది, 2018 సవరణతో రెండేళ్లలో ముగించే ప్రయత్నం చేయాలని, పొడిగించినా మొత్తం నాలుగేళ్లు దాటకూడదని చేర్చారు. 2015 నాటి నేరానికి ఇది వర్తించదని ప్రాసిక్యూషన్ వాదించొచ్చు, ఉదహరించడంలో నష్టం లేదు. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు, జీతం సర్టిఫికెట్ లాంటి వాటిపై మీకు నిజంగా అభ్యంతరం లేకపోతే సీఆర్‌పీసీ 294 కింద ఒప్పుకోండి, ఇద్దరు ముగ్గురు లాంఛనప్రాయ సాక్షులు తగ్గుతారు. విదేశంలో ఉన్న మధ్యవర్తిని వీడియోలో విచారించొచ్చని 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఎన్ని అవకాశాలిచ్చినా ప్రాసిక్యూషన్ సాక్షిని తేకపోతే సాక్ష్యం ముగించమని అడిగే హక్కు మీకుంది.

తొందరగా తీర్పు అడగమంటున్నారు, శిక్ష పడితే ఎలా అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. న్యాయమైన భయమే. 2014 సవరణ తర్వాత జరిగిన ట్రాప్ కాబట్టి అవినీతి నిరోధక చట్టం పాత సెక్షన్ 7 కింద కనీసం మూడేళ్లు, 13(2) కింద కనీసం నాలుగేళ్లు జైలు. కేసు పాతదైందని, వయసు మళ్లిందని చూపించి శిక్ష బాగా తగ్గించుకునే వెసులుబాటు అంతకుముందు ఉండేది. ఇప్పుడు ఆ కనీసం కంటే కిందికి కోర్టు దిగలేదు. కాబట్టి చార్జిషీటు మొత్తం చదివి కేసు బలమెంతో మీ వకీలుతో ఒకసారి కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుకున్నాకే మెమో వేయండి. ఆలస్యమే మేలనుకునే ముద్దాయిలూ ఉంటారు, వాళ్లకు ఈ సలహా పనికిరాదు.

ఫిర్యాదుదారు రాకపోతే కేసు పోతుందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏసీబీ కేసుల నుంచే ఈ ఆశ పుట్టింది. 1995 నాటి ట్రాప్‌లో ఫిర్యాదుదారు ఎదురు తిరిగితే 2014లో బి. జయరాజ్ కేసులో, 1996 నాటి ట్రాప్‌లో ఫిర్యాదుదారు విచారణకు ముందే చనిపోతే 2015లో పి. సత్యనారాయణమూర్తి కేసులో సుప్రీంకోర్టు విడుదల చేసింది. డబ్బు దొరికితే చాలదు, అడిగినట్టు రుజువు కావాలి అని. ఆ తేదీల మధ్య దూరం కూడా గమనించండి. అయితే 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం దారి మార్చింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, దొరకకపోయినా లంచం అడగడం, తీసుకోవడం మిగతా సాక్షులతో, పరిస్థితులతో నిరూపించవచ్చు అంది. మీ కేసులో ఆ రోజు ఫిర్యాదుదారు వెంట గదిలోకి వెళ్లిన సాక్షి ఎవరైనా ఉన్నారా? ఉంటే కాంట్రాక్టర్ రాకపోయినా కేసు బతికే ఉంటుంది.

ఆయన ఎందుకు రావట్లేదో కూడా ఆలోచించండి. అమ్ముడుపోయాడని అందరూ అనేస్తారు. ఆయన ఇంకా అదే శాఖలో పనులు చేయాలి, అదే టేబుళ్ల ముందు బిల్లులు పెట్టాలి. ఫిర్యాదు చేసి పదేళ్లయ్యాక ఏ కాంట్రాక్టరైనా, ఏ రైతైనా అలసిపోతాడు. సత్వర విచారణ ముద్దాయి హక్కే కాదు, సమాజానికీ అవసరమని అంతులే తీర్పులోనే ఉంది, ఆ వాక్యాన్ని మన వకీళ్లం ఎప్పుడూ చదవం. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నా: మీరు గానీ మీ బంధువులు గానీ ఆయన ఇంటికి వెళ్లొద్దు, ఫోన్ చేయొద్దు. సాక్షిని ప్రభావితం చేశారని పిటిషన్ పడితే బెయిలుకే ఎసరు.

గ్రాట్యుటీ సంగతి. 1980 పెన్షన్ నిబంధనల్లో 52వ రూల్ ప్రకారం క్రిమినల్ కేసు ఉండగా రిటైరైతే తాత్కాలిక పెన్షన్ ఇస్తారు, కేసు ముగిసేదాకా గ్రాట్యుటీ ఇవ్వరు. 2013 నాటి జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ తీర్పు పట్టుకుని పెన్షన్ ఆస్తి హక్కని చాలామంది వస్తారు. అక్కడ జార్ఖండ్‌లో ఆపడానికి రూలే లేదు, అందుకే ఉద్యోగి గెలిచాడు. మనకు రూల్ ఉంది. తాత్కాలిక పెన్షన్ సరిగా వస్తోందా లేదా చూసుకోండి, రాకపోతే దాని మీద వెంటనే రిట్ వేయొచ్చు. ఇదే విషయం మీద శాఖాపరమైన విచారణ కూడా పెండింగ్‌లో ఉంటే దాన్ని విడిగా కదపండి. ఆలస్యం వాదన అక్కడ ఎక్కువ పనిచేస్తుంది. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ప్లానింగ్ అధికారి ఎన్. రాధాకిషన్ కేసులో 1987 నాటి ఏసీబీ నివేదిక మీద 1995లో చార్జ్ మెమో ఇస్తే, 1998లో సుప్రీంకోర్టు దాని రద్దును నిలబెట్టింది.

వచ్చే వాయిదాకు మీ నాన్నగారు ఆరోగ్యం బాగోక వెళ్లలేకపోతే సీఆర్‌పీసీ 317 కింద హాజరు మినహాయింపు పిటిషన్ వేయించండి. ఆ రోజు వకీలు మాత్రం తప్పకుండా ఉండి, వచ్చిన సాక్షిని క్రాస్ చేయాలి (ఎదురు ప్రశ్నలు వేయాలి). ఆయన కూడా రాక సాక్షి వెనక్కి పోతే ఆ వాయిదా పైన చెప్పిన పట్టికలో మీ వైపే రాయాల్సి వస్తుంది.